చెయ్యి తడపకూడదు

"చేతులు తుడుచుకుని మళ్ళీ పెట్టండి" అంది వీసా సెంటరు కౌంటరు అమ్మాయి.

తుడుచుకుని మళ్ళీ పెట్టాను. గాజు పలక కింది నుంచి ఆకుపచ్చ వెలుతురు వచ్చి నా నాలుగు వేళ్ళనీ చూసి వెళ్ళిపోయింది. ఆ అమ్మాయి తన తెర వైపు చూసి పెదవి విరిచింది. గట్టిగా నొక్కమంది. అంత గట్టిగా వద్దంది. ఎడమ చెయ్యి పెట్టమంది, బొటనవేళ్ళు రెండూ జతగా పెట్టమంది, గాజు పలకని మెత్తటి గుడ్డతో తుడిచింది, నా వేళ్ళని కూడా తనే పట్టుకుని ఒక్కొక్కటే తుడిచింది. నా చేతిని ఇంకొకరు తుడవడం చిన్నప్పుడు మా అమ్మతోనే ఆగిపోయి ఉంటుంది. వెనక కుర్చీల్లో తమ వంతు కోసం కూర్చున్నవాళ్ళు గొణుక్కుంటున్నారు. మిషను పాడై ఉంటుంది, అది బాగుచేయించుకోకుండా నన్ను నిలబెట్టి ప్రాణం తీస్తున్నారు అనుకున్నాను. చివరికి ఆ అమ్మాయి తెరని నా వైపు తిప్పింది. పది గళ్ళున్నాయి. సుడులూ గీతలూ ఉండాల్సిన చోట పది బూడిదరంగు మచ్చలున్నాయి.

"మీకు వేలిముద్రల్లేవండీ" అంది.

చిల్లర లేదండీ అన్నంత మామూలుగా అంది. నేను నవ్వాను కూడా. వేలిముద్రలు లేకపోవడం ఏమిటి, దొంగలు చేతులకి తొడుగులు వేసుకునేది అవి ఉన్నాయనే కదా, పుట్టిన ప్రతి మనిషికీ పది ఉంటాయి కదా అనుకుంటూ నా చెయ్యి వెలుతురులోకి ఎత్తి చూసుకున్నాను. చూస్తే ఏముంది, వేళ్ళ చివర్లు నున్నగా మెరుస్తున్నాయి. అక్కడక్కడా అడ్డంగా సన్నటి చీలికలు. గీతల్లేవు. ఎప్పుడు పోయాయో నాకు తెలియదు. జుట్టు నెరిస్తే తెలుస్తుంది, పన్ను కదిలితే తెలుస్తుంది. ఇవి నాకు చెప్పకుండా వెళ్ళిపోయాయి.

ఆ అమ్మాయి నా దరఖాస్తు తిరగేసి, నేనేం పని చేస్తానని అడిగింది. ఆఫీసు ఉద్యోగం అన్నాను. అనుమానంగా చూసింది. సిమెంటు పని చేసేవాళ్ళకీ, హోటళ్ళలో గిన్నెలు తోమేవాళ్ళకీ ఇలా అరిగిపోతాయట. మరీ ఇంతగా అరిగిన చేతులు ఈ ఏడాది ఇదే చూడటమట.

"ఆఫీసు సరే. ఇంట్లో ఏం చేస్తారు?"

"ఏముందండీ, అందరూ చేసేదే" అన్నాను.

"ఎన్నాళ్ళ నుంచి?"

"పెళ్ళైనప్పటి నుంచి."

ఆ అమ్మాయి నియమాలు చెప్పింది. గాయం వల్ల పోయినా, పుట్టుకతో లేకపోయినా డాక్టరు కాగితం పెడితే కాన్సులేటు వాళ్ళు ఒప్పుకుంటారట. నాది ఉత్త అరుగుదల. విశ్రాంతి ఇస్తే చర్మం మళ్ళీ పెరుగుతుంది, గీతలు కూడా వస్తాయి, కాబట్టి మినహాయింపు లేదు. రెండు వారాల తర్వాత ఒక్క సమయం ఖాళీగా ఉంది, అది ఇస్తానంది. అప్పుడూ ముద్రలు పడకపోతే ఫైలు వెనక్కి వస్తుంది, ఈ ఏటికి అంతే సంగతులు. అప్పటి దాకా సబ్బు ముట్టుకోకూడదు, వేణ్ణీళ్ళు తగలకూడదు, పీచు పట్టుకోకూడదు, రోజుకి నాలుగు సార్లు క్రీము రాసుకోవాలి. "అసలు చెయ్యి తడపకండి, అంతే" అంది. అని, నా ఫైల్లోంచి ఒక కాగితం తీసి అద్దం కింద నుంచి వెనక్కి తోసింది. అది మా ఆయన రాసిన అనుమతి పత్రం. నా భార్య ఏడాది పాటు విదేశం వెళ్ళడానికి నాకు అభ్యంతరం లేదు అని రాసి, సంతకం చేసి, లాయరు చేత ముద్ర కూడా వేయించారు.

"ఇది మేం అడగలేదండీ. దేనికిది?" అంది.

దేనికో నాకూ తెలియలేదు. మడిచి సంచిలో పెట్టుకుని బయటికొచ్చాను.

నేను మొక్కల మ్యూజియంలో పనిచేస్తాను. జనం టిక్కెట్టు కొనుక్కుని వచ్చి చూసే రకం కాదు. ఎక్కడెక్కడి నుంచో తెచ్చి ఎండబెట్టిన మొక్కల్ని దళసరి అట్టల మీద పరిచి, సన్నటి కాగితపు పట్టీలతో అతికించి, బీరువాల్లో దాచే చోటు. వందేళ్ళ కిందటి పువ్వుని రేకు రాలకుండా పాత అట్ట మీంచి కొత్త అట్ట మీదికి దించాలంటే కళ్ళు చాలవు, వేళ్ళకి తెలియాలి. ఆ పని నా అంత నిదానంగా మా ఆఫీసులో ఇంకెవరూ చెయ్యలేరు. గొప్ప చెప్పుకోవడం కాదు, ఉన్నమాట. పోయిన ఏడాది విదేశం నుంచి ఒక పెద్దావిడ వచ్చి మా బీరువాలు చూసింది. వాళ్ళ దగ్గరా ఇలాంటి మొక్కలు లక్షల్లో ఉన్నాయట, పాడైపోతున్నాయట. నేను అతికించిన అట్టలు చేతిలోకి తీసుకుని, ఇవి ఎవరు చేశారని అడిగిందట. మా స్టాఫే అన్నారట మా పెద్దసారు. స్టాఫ్‌లో ఎవరు అని ఆవిడ మళ్ళీ అడిగిందట. ఆ ప్రశ్న అడుగుతున్నప్పుడు నేను గదిలో లేను. వెనక పంపు దగ్గర ఆవిడ టీ తాగిన కప్పు కడుగుతున్నాను. నాతో సమానమైన హోదాలో మా సెక్షన్లో నలుగురు మగవాళ్ళున్నారు. మీటింగు అయ్యాక కప్పులు ఎవరు కడగాలో ఎక్కడా రాసి లేదు. రాసి లేకపోయినా అందరికీ తెలుసు.

ఆవిడ నన్ను వెతుక్కుంటూ పంపు దగ్గరికే వచ్చింది. ఆర్నెల్ల తర్వాత ఉత్తరం పంపింది. ఏడాది పాటు వాళ్ళ దగ్గర పనిచేయాలి, ఉండటానికి గది, జీతం. వసంతం మొదలయ్యే లోపు చేరాలి, లేకపోతే ఆ చోటు ఇంకొకరికి పోతుంది. నలభై ఆరేళ్ళ వయసులో నా పేరు మీద, నా ఒక్కదాని పేరు మీద వచ్చిన మొదటి ఉత్తరం అది. చదువుకుని మంచినీళ్ళు తాగి మళ్ళీ చదువుకున్నాను. మా పెద్దసారు నన్ను పిలిచి, మీకు ఇల్లూ వాకిలీ ఉన్నాయి కదమ్మా, ఇబ్బంది అనుకుంటే ఇంకొకరి పేరు రాద్దాం అన్నారు. ఆయనకి ఇల్లూ లేదు, వాకిలీ లేదు కాబోలు. ఇబ్బంది లేదండీ అన్నాను. ఇంటికొచ్చి చెప్తే మా ఆయన అరగంట ఫోను చూసుకున్నారు. తర్వాత "సరే, వెళ్ళు, నేను ఒప్పుకుంటున్నాను" అన్నారు. ఆ మాట అన్నందుకు చుట్టాల్లో ఆయన పేరు మారుమోగిపోయింది. మా ఆడపడుచు ఫోన్ చేసి, మా అన్నయ్య లాంటి మొగుడు దొరకడం నీ అదృష్టం వదినా అంది. వెళ్ళేది నేను, పొగడ్తలు ఆయనకి.

ఇక వీసా తిప్పలు మొదలు. కాన్సులేటు అపాయింట్‌మెంట్లు వెబ్‌సైటులో ఎప్పుడు తెరుస్తారో తెలియదు, తెరిచిన నిమిషానికి అయిపోతాయి. పొయ్యి పక్కన ఫోన్ పెట్టుకుని ఒక చేత్తో గరిట, ఒక చేత్తో ఫోను. ఫోటోలో చెవులు కనిపించలేదని తిరగ్గొట్టారు. పుట్టింటి పేరుతో చదువు కాగితాలూ, అత్తింటి పేరుతో బ్యాంకు కాగితాలూ ఉన్నాయని, ఈ ఇద్దరూ ఒకరేనని రుజువు తెమ్మన్నారు. ఆ రుజువు కోసం ఆఫీసుకి సెలవు పెట్టి మూడు చోట్ల తిరిగాను. ఎక్కే గడప, దిగే గడప. మా ఆయన మాత్రం నన్నేమీ అడ్డుకోలేదు, తను సోఫాలో ఉన్నంత సేపూ పూర్తి మద్దతు ఇచ్చారు. ఇంత తిరిగి, ఇన్ని కాగితాలు పుట్టించి, చివరి గడప దగ్గర నా చేతులే నాకు అడ్డం తిరిగాయి.

ఆ సాయంత్రం ఇంట్లో విషయం చెప్పాను. మా ఆయన నా చెయ్యి తీసుకుని దీపం కింద అటూ ఇటూ తిప్పి చూశారు. పెళ్ళైన కొత్తలో తప్ప అంత సేపు నా చెయ్యి పట్టుకున్న గుర్తు లేదు. "ముందే చూసుకోవద్దా?" అన్నారు. అని, తన బొటనవేలు తన ఫోన్ మీద పెట్టారు. ఠక్కున తెరుచుకుంది. "చూడు, నాకు ఎప్పుడూ ఒక్కసారికే తెరుచుకుంటుంది" అన్నారు, అదేదో తను జాగ్రత్తగా దాచుకున్న సొత్తయినట్టు. నా ఫోను నా వేలితో తెరుచుకోక నాలుగేళ్ళయింది. నా ఫోనే మంచిది కాదనుకున్నాను. అప్పట్లో ఆయన కూడా అదే అన్నారు, చవక ఫోన్లు అంతే అని. మా అత్తయ్య మంచం మీద కూర్చుని అంతా విన్నారు. డెబ్బై దాటినా ఆవిడ నోటికి ఎదురుండదు, అలాంటిది ఆ పూట ఒక్క ముక్క మాట్లాడలేదు. నా చేతుల వైపే చూస్తూ ఉండిపోయారు.

"రెండు వారాలేగా, మేనేజ్ చేద్దాం" అన్నారు మా ఆయన. చేద్దాం అనే మాటలో తను కూడా ఉన్నారని నేను పొరబడ్డాను. మర్నాడు కాగితం కంచాలు కట్టలు కట్టలు తెచ్చారు. సమస్య తీరిపోయిందన్నట్టు చేతులు దులుపుకున్నారు. అన్నం గిన్నె, కూర మూకుడు, పాలగిన్నె, గరిటెలు, మూతలు, వడపోసే గుడ్డ కూడా కడగాలని ఆయనకి నిజంగా తోచలేదు. నటించడం కాదు, నిజంగా తోచలేదు. ఇరవై రెండేళ్ళుగా ఆ ఇంట్లోనే తిన్న మనిషి, గిన్నెల్లో వండుతారని మర్చిపోయారు. నాకు కోపం రావలసింది, ఆశ్చర్యం వేసింది. సింకు నిండింది. రెండో రోజు మా అమ్మాయిని పిలిచారు. "పదహారేళ్ళొచ్చాయి, అమ్మకి ఆ మాత్రం సాయం చెయ్యొద్దూ" అన్నారు. అది పుస్తకం మూసి లేచింది, పాపం, చొక్కా చేతులు పైకి మడుచుకుంది. దాని వేళ్ళ చివర్లు చూశాను. గులాబీ రంగులో, గీత గీతా విడివిడిగా, అచ్చు వేసినట్టున్నాయి.

"అది ముట్టుకోదు" అన్నాను.

నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. మా ఆయన తలెత్తి చూశారు. ఇంత చిన్న విషయానికి అలా అరుస్తావేం అన్నారు. నేను అరవలేదు. మా అమ్మాయి అర్థం కానట్టు నిలబడిపోతే, వెళ్ళి చదువుకో అన్నాను. మరి ఎవరు చేస్తారు అని ఆయన అడిగారు. అడిగి, జవాబు కోసం నా వంకే చూశారు. ఆ గదిలో ఇంకొక జత చేతులున్నాయనీ, అవి ఆయన ఒళ్ళోనే ఉన్నాయనీ ఆయనకి తట్టలేదు. తర్వాత పనిమనిషి కోసం ఇద్దరు ముగ్గురికి ఫోన్లు చేశారు. అవతలి వాళ్ళు చెప్పిన జీతం విని ఫోన్ కాసేపు చెవి దగ్గరే పట్టుకుని ఉండిపోయారు. "గిన్నెలకే అంత అడుగుతున్నారు!" అన్నారు నాతో, నేను కూడా ఆయనతో పాటు ముక్కున వేలేసుకుంటానన్నట్టు. పైగా ఇద్దరు ఆడవాళ్ళున్న ఇంట్లో పనిమనిషెందుకని తనకి తనే సర్దిచెప్పుకున్నారు.

ఆఫీసులోనూ అదే కథ. మీటింగు అయ్యాక కప్పుల వైపు వెళ్ళకుండా నా బల్ల దగ్గరికి వెళ్ళి కూర్చున్నాను. చెయ్యి తడపకూడదండీ, వీసా పని అన్నాను. మా పెద్దసారు కప్పుల వంక చూశారు, నా వంక చూశారు, మా నలుగురు మగవాళ్ళ వంక మాత్రం చూడలేదు. "మరి రేపటి మీటింగుకి ఎలాగమ్మా?" అన్నారు. మర్నాడు మీటింగులో టీ లేదు. ఆ మర్నాడూ లేదు. ఒక్క కప్పు కడగడానికి ఇష్టం లేక అయిదుగురు మగవాళ్ళు టీ మానేశారు.

ఇంట్లో గిన్నెలు మానేయడం కుదరదు కదా. మూడో రోజు ఆఫీసు నుంచి వచ్చేసరికి వంటింట్లోంచి నీళ్ళ చప్పుడు వస్తోంది. ఒక్క క్షణం, ఒకే ఒక్క క్షణం, మా ఆయనేమో అనుకున్నాను. మా అత్తయ్య. సింకు అంచుకి పొట్ట ఆనించి, ఒంగి, మూకుడు అడుగున గీకుతున్నారు. ముంజేతుల దాకా నురగ. ముందు గదిలో మా ఆయన ఫోనులో ఆట చూస్తున్నారు. ఆవిడ ఆయాసం ఆయనకి వినిపించేంత దూరంలోనే కూర్చున్నారు. నేను చెయ్యకపోతే ఆయన చేస్తారేమోనని కదా రెండు రోజులు చూశాను, మనిషి తను లేవకుండా కన్నతల్లిని లేపాడు. ఇరవై రెండేళ్ళలో నన్నేమీ అనని మంచివాడు, తాగడు, తిరగడు, చెయ్యెత్తడు. ఆ మంచితనం నిండా ఇంత నిద్ర ఉందని నాకు తెలియదు. సంచి కింద పడేసి పరుగెత్తినట్టే వెళ్ళి, మీరు తప్పుకోండి అత్తయ్యా అంటూ మూకుడు అందుకోబోయాను.

"చెయ్యి తీయ్" అన్నారు అత్తయ్య.

"మీ నడుం..."

"నా నడుం సంగతి నేను చూసుకుంటా. నువ్వు తడి ముట్టుకున్నావంటే ఊరుకోను."

వెనక్కి తగ్గి స్టూలు మీద కూర్చున్నాను. ఆవిడ మూకుడు బోర్లించి, చేతులు తుడుచుకుని, రెండు అరిచేతులూ నా మొహం ముందు చాపారు. నేను ఆవిడ చేతుల్ని అంతకు ముందు ఎన్నోసార్లు చూసి ఉంటాను, కాఫీ గ్లాసు అందించేటప్పుడు, మందుబిళ్ళ పెట్టేటప్పుడు. చూడలేదని ఇప్పుడు తెలిసింది. వేళ్ళ చివర్లు నా వాటికన్నా నున్నగా, గులకరాళ్ళలా ఉన్నాయి.

"నాకు మీ మామగారు పోయినప్పుడు తెలిసింది" అన్నారు. "పింఛను ఆఫీసులో వేలు పెట్టమన్నారు. పెట్టా. పడలేదు. ఇంకో వేలు. పడలేదు. పదీ అయిపోయాయి. నేను ఎదురుగా నిలబడే ఉన్నా, ఆ గుమస్తా నన్ను వదిలేసి మీ ఆయన్ని అడిగాడు, ఈవిడ బతికే ఉన్నారని మీరు సంతకం పెడతారా అని."

ఏటా ఒకసారి మా ఆయన ఆ ఆఫీసుకి వెళ్తారు. తన తల్లి బతికే ఉందని సంతకం పెట్టి వస్తారు. వచ్చి చెప్పులు విప్పుతూ ప్రతిసారీ ఒకటే జోకు వేస్తారు: "అమ్మా, ఈ ఏడు కూడా నిన్ను బతికించానే!" అందరం నవ్వుతాం. ఆవిడా నవ్వుతారు. పన్నెండేళ్ళుగా ఆ జోకుకి నవ్వుతున్నాను నేను, కానీ ఆయన ఎందుకు సంతకం పెట్టాల్సి వస్తోందో ఒక్కసారీ అడగలేదు. ముసలివాళ్ళకి అలాంటి ఏదో ఒక నియమం ఉంటుందిలే అనుకున్నాను. మనిషి ఊపిరి పీలుస్తూ, కళ్ళార్పుతూ ఎదురుగా నిలబడితే చాలదు, మగవాడు వచ్చి అవును బతికే ఉందనాలి. ఎందుకంటే ఆవిడ వేళ్ళు ఆయన చొక్కా మెడపట్టీలు ఉతకడంలో, ఆయన పాలగ్లాసులు తోమడంలో అరిగిపోయాయి. నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, ఏడవడానికి కూడా సిగ్గేసింది. మీరు నాకెప్పుడూ చెప్పలేదేం అత్తయ్యా అన్నాను.

"చెప్తే ఏం చేసేదానివి? అప్పుడు నీ వంతు మొదలై పదేళ్ళే అయింది" అన్నారు ఆవిడ, ఇంకో గిన్నె అందుకుంటూ.

అలా వారం గడిచింది. రోజుకి నాలుగు సార్లు క్రీము రాసుకుని, కిటికీ దగ్గర నిలబడి వేళ్ళు చూసుకునేదాన్ని. విత్తనం వేసి మొలక కోసం చూసినట్టు చూసుకునేదాన్ని. చూపుడువేలు మీద ముందు కనిపించాయి, సన్నగా, ఉన్నాయా లేవా అన్నట్టు రెండు వంపులు. మా అమ్మాయిని పిలిచి చూపించాను. అది నా వేలిని ఫోటో తీసి పెద్దది చేసి, "అమ్మా, సుడి!" అంది. ఇద్దరం వెర్రివాళ్ళలా నవ్వుకున్నాం.

రెండో వారం నడిమధ్యన సెలవు రోజున మా ఆయన తన ఆఫీసు స్నేహితుల్ని భోజనానికి పిలిచారు. ఎనిమిది మందిని. ముందు రోజు సాయంత్రం చెప్పారు. ఎందుకు పిలిచారయ్యా అంటే, నా ప్రయాణం సందర్భంగానట. నా భార్య విదేశం వెళ్తోంది, నేను పంపిస్తున్నాను అని ఆఫీసంతా చెప్పుకున్నారట, వాళ్ళు విందు ఏదీ అన్నారట. చెయ్యి తడపకపోతేనే వెళ్ళగలిగే ప్రయాణానికి, చేతులు మోచేతుల దాకా తడిస్తే తప్ప జరగని విందు! ఇంకెవరికైనా చెప్తే కట్టుకథ అంటారు. భోజనం బయటి నుంచి తెప్పించారు, అది మహోపకారంలా రెండుసార్లు గుర్తు చేశారు. అతిథులకి కాగితం కంచాలు బాగోవని మంచి కంచాలన్నీ బయటికి తీశారు. వచ్చినవాళ్ళలో ఒకాయన తింటూ తింటూ, ఏడాది పాటు మావాడు పస్తులేనా అండీ అని నన్ను అడిగాడు. అందరూ పగలబడి నవ్వారు. మా ఆయన కూడా, త్యాగమూర్తిలా తల పంకించి నవ్వారు.

వాళ్ళు వెళ్ళాక వంటిల్లు చూశాను. సింకులో పట్టక బండ మీద, బండ మీద పట్టక కింద, కంచాలు, గ్లాసులు, గిన్నెలు, జిడ్డు. అత్తయ్య కోసం చూస్తే ఆవిడ మంచం మీద గోడ వైపు తిరిగి పడుకుని ఉన్నారు. నడుం పట్టేసిందట, లేవలేనట. నేను దుప్పటి సర్దబోతే ఒక కన్ను తెరిచి నన్ను చూసి, మళ్ళీ గట్టిగా మూసుకున్నారు.

మా ఆయన గుమ్మంలో నిలబడి సింకు వైపు చూశారు, తర్వాత నా వైపు. "చేతికి తొడుగులు వేసుకో" అన్నారు. తొడుగుల్లో చెమటకి చర్మం నానిపోతుంది, అవీ వద్దన్నారని చెప్పాను. ఆ తర్వాత చాలా మెత్తగా, ముద్దుగా, పెళ్ళైన కొత్తలో మాట్లాడిన గొంతుతో అన్నారు:

"ఒక్క పూటకే ఏం అరిగిపోవులే."

నాకు బాగా తెలిసిన మాట అది. ఇరవై రెండేళ్ళూ నేను నాకు చెప్పుకున్న మాట. జ్వరం వచ్చినప్పుడు ఒక్క పూటకే, నెలలు నిండిన కడుపుతో ఒక్క పూటకే, పరీక్ష రాయాల్సిన రోజు పొద్దున ఒక్క పూటకే. ఇన్ని ఒక్క పూటలు కలిసి పది వేళ్ళనీ తినేశాయి. నా చెయ్యి, నమ్మండి, అలవాటు కొద్దీ పంపు దాకా వెళ్ళింది. వేలి కొసన ఆ రెండు వంపులు కనిపించాయి. చెయ్యి వెనక్కి తీసుకున్నాను. క్రీము డబ్బా పట్టుకుని మా అమ్మాయి గదిలోకి వెళ్ళి దాని పక్కన పడుకున్నాను.

గిన్నెలు ఆ రోజు అలాగే ఉన్నాయి. మర్నాడూ ఉన్నాయి. వాసన మొదలైంది, చీమలు వరస కట్టాయి. వంటిల్లు దాటి వెళ్ళేటప్పుడు ముక్కు మూసుకుని వెళ్ళేవాళ్ళం. అత్తయ్య నడుం బాగవలేదు. మూడో రోజు సాయంత్రం వంటింట్లోంచి యుద్ధం జరుగుతున్న చప్పుడు వచ్చింది. మా ఆయన కడుగుతున్నారు. ఒక గ్లాసు పగిలింది, తర్వాత ఇంకోటి. పీచు ఎక్కడుందని అరిచారు, సబ్బు ఎక్కడుందని అరిచారు, అవి ఆయన ముక్కు ముందే ఉన్నాయి. చాలా సేపటికి బయటికొచ్చి, తడిసి ముడతలు పడిన వేళ్ళు నా మొహం ముందు పెట్టారు.

"చూడు, నా చేతులు ఎలా అయిపోయాయో!" అన్నారు.

చూశాను. ఆయన ఇంకా కాసేపు చేతులు అలాగే పట్టుకుని నిలబడ్డారు, ఎవరైనా జాలి పడతారేమోనని. మంచం మీంచి అత్తయ్య, "ఆరితే అవే పోతాయిలేరా" అన్నారు.

రెండోసారి కౌంటరు దగ్గర అదే అమ్మాయి. ఆకుపచ్చ వెలుతురు వచ్చింది, ఆగింది. ఎడమ చెయ్యి పడింది. కుడి చెయ్యి పడింది. బొటనవేళ్ళు మూడోసారికి పడ్డాయి. తెర మీద పది గళ్ళల్లో పది సుడులు, కొన్ని పలచగా, కొన్ని చీలికలతో. అవి నావని ఎంత సేపు చూసినా నమ్మకం కలగలేదు. ఆ అమ్మాయి నవ్వింది. "బాగానే విశ్రాంతి తీసుకున్నట్టున్నారే, ఇంట్లోవాళ్ళు మంచివాళ్ళండీ" అంది. అవునండీ అన్నాను. లైన్లో వెనక ఇంకా జనం ఉన్నారు.

నెల తిరక్కుండా పాస్‌పోర్టు ఇంటికొచ్చింది, లోపల ఏడాది వీసా అతికించి. మా ఆయనే సంతకం పెట్టి తీసుకుని, విప్పి చూసి నాకిచ్చారు. నిజంగానే సంతోషపడ్డారు. సంతోషపడి, సోఫాలో వెనక్కి వాలి, ఇంటికి పట్టిన పీడ ఏదో వదిలినట్టు గట్టిగా ఊపిరి వదిలారు.

"హమ్మయ్య. పని అయిపోయిందిగా. ఇంక ఆ క్రీములూ అవీ ఆపేసి మామూలుగా ఉండొచ్చు" అన్నారు, వంటింటి వైపు చూస్తూ.

మామూలుగా. నేను పాస్‌పోర్టు మూసి ఒళ్ళో పెట్టుకున్నాను. అక్కడ విమానం దిగగానే మళ్ళీ వేలిముద్రలు చూస్తారని చెప్పాను. ఇక్కడ పడినవీ అక్కడ పడేవీ కలవాలి. దిగాక నివాస కార్డు కోసం మళ్ళీ వేయాలి. ఏడాది తర్వాత తిరిగి వచ్చేటప్పుడు మళ్ళీ చూస్తారు.

"అంటే వచ్చాక..." అన్నారు ఆయన.

"వచ్చాక కూడా నాకు అవి కావాలి" అన్నాను.

ఆయనకి వెంటనే అర్థం కాలేదు. ఫోను తీసి చేతిలో పట్టుకున్నారు, తెరవలేదు. వంటింట్లో మధ్యాహ్నం గిన్నెలున్నాయి. నేను లేవలేదు. మా అమ్మాయి పుస్తకంలోంచి తలెత్తలేదు. అప్పుడు మంచం మీద కూర్చున్న అత్తయ్య, అప్పటి దాకా కళ్ళు మూసుకుని ఉన్న మనిషి, నా వైపు చెయ్యి చాపారు. ఏం కావాలత్తయ్యా అన్నాను.

"ఆ క్రీము డబ్బా ఇలా ఇవ్వు" అన్నారు.

ఇచ్చాను. మూత తిప్పి, ఎక్కువే తీసుకుని, ఒక్కో వేలికీ నిదానంగా పట్టించుకోవడం మొదలుపెట్టారు. మా ఆయన వింతగా చూసి నవ్వారు. నీకెందుకే అమ్మా ఇప్పుడు ఈ సోకులు అన్నారు. ఆవిడ తలెత్తకుండా, బొటనవేలు రుద్దుకుంటూనే చెప్పారు.

"వచ్చే ఏడు నువ్వు రావద్దురా. నేను బతికున్నానని నేనే చెప్పుకుంటాను."